పక్క డాబా మీద సెల్ టవర్: అత్తమ్మ తలనొప్పికి, మా వాడి మతిమరుపుకు అదే కారణమా?

సత్యనారాయణపురం ఇల్లాలు (విజయవాడ):
రెండు నెలల క్రితం మా పక్క డాబా మీద టవర్ లేచింది. అప్పట్నుంచి అత్తమ్మకు తలనొప్పి. ఎనిమిదో తరగతి చదివే మా వాడికి చదివింది గుర్తుండట్లేదు, పలకరిస్తే చిర్రుబుర్రులు. టవర్ తీసెయ్యాలని వీధంతా సంతకాలు పెడుతున్నారు. కాగితం మా ఇంటికీ వచ్చింది. పెట్టమంటారా?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):
తొందరపడకమ్మా. టవర్ యాంటెన్నా తరంగాలను ఎదురుగా దూరానికి కొడుతుంది, సరిగ్గా కిందికి పడేది తక్కువ. మెదడుకు అందేదాంట్లో ఎక్కువ భాగం చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్‌ది. సిగ్నల్ సరిగా లేకపోతే ఫోన్ ఇంకా గట్టిగా అరవాలి. టవర్ దూరమైతే జరిగేది అదే. పైగా 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ల పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే.

పటమట కుర్రాడు:
ఆ పరిమితి ఒళ్ళు వేడెక్కడాన్ని చూసి పెట్టింది మాస్టారూ. 2011లో అమెరికాలో నోరా వోల్కో బృందం 47 మందికి చెవుల దగ్గర ఫోన్ కట్టి, శబ్దం వినపడకుండా 50 నిమిషాలు కాల్ నడిపింది. ఫోన్ యాంటెన్నాకు దగ్గరున్న మెదడు భాగంలో గ్లూకోజ్ వాడకం 7 శాతం దాకా పెరిగింది. అదే ఏడాది డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ ఈ తరంగాలను 2బిలో, అంటే 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే జాబితాలో పెట్టింది. ఇంకేం కావాలి?

బ్రాడీపేట మాస్టారు:
2బిలో కలబంద ఆకు సారం కూడా ఉంది నాయనా. మెదడు మీద ప్రభావం లేదని నేననను. మెదడులో పుట్టే ఆల్ఫా అనే విద్యుత్ తరంగాల్లో మార్పు చాలా ప్రయోగాల్లో కనబడింది. కానీ మార్పు వేరు, హాని వేరు. ఉప్మాలో అల్లం ముక్క కొరికినా మెదడులో ఏదో కదులుతుంది. ఆ 7 శాతం మంచో చెడో తెలియదని వోల్కో బృందమే రాసింది.

ఇక తలనొప్పి. 'నాకు సిగ్నల్ పడదు' అనేవాళ్ళను గదిలో కూర్చోబెట్టి, వాళ్ళకూ కొలిచేవాళ్ళకూ తెలియకుండా తరంగాలు ఆన్, ఆఫ్ చేశారు. ఇలాంటి 46 ప్రయోగాలు, 1,175 మంది లెక్కలు 2010లో ఒకచోట చేర్చి చూస్తే, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో వాళ్ళు కనిపెట్టగలరనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఉత్తుత్తి సిగ్నల్‌కే తలనొప్పి వచ్చినవాళ్ళున్నారు. నొప్పి నిజమే, అత్తగారిని తప్పుపట్టకు. భయం కూడా తల నొప్పెట్టిస్తుంది. బీపీ చూపించారా?

భవానీపురం బాబాయ్:
నెలనెలా టవర్ అద్దె పక్కింటాయనకు పోతోంది కదా, సగం తలనొప్పి అక్కడిదే :)

సత్యనారాయణపురం ఇల్లాలు:
బాబాయ్ గారూ, అదీ ఉందిలెండి! నిన్న రాత్రి పన్నెండింటికి మా వాడి దుప్పటి ఎత్తితే లోపల నీలం వెలుగు, గేమ్ నడుస్తోంది. ఫోన్ లాక్కుని స్టార్ హ్యాష్ సున్నా ఏడు హ్యాష్ కొడితే సార్ విలువ (ఫోన్ తరంగాల్లో ఒళ్ళు పీల్చుకునే మోతాదు) 1.19 అని వచ్చింది, పరిమితి 1.6 అట. వాడి చిరాకుకు నిద్రలేమి చాలు. ఫోన్ ఇప్పుడు నా బీరువాలో ఉంది. అత్తమ్మ మాత్రం టవర్ వైపు కిటికీ తెరవనివ్వట్లేదు. సంతకం పెట్టాను, పక్కన 'ముందు టవర్ తరంగాల కొలత తీయించాలి' అని రాశాను.

పటమట కుర్రాడు:
కొలిచే రోజు టవర్ వాళ్ళు పవర్ తగ్గించేస్తే అక్కా?

బ్రాడీపేట మాస్టారు:
ఆ రోజు మీ ఫోన్లలో సిగ్నల్ గీతలు చూడండి. తగ్గిస్తే వీధంతా 'హలో, వినపడట్లేదు' అంటుంది.