పాత సినిమా పోస్టర్ల అక్షరాల్లాంటి తెలుగు ఫాంట్ ఉందా?

నేను వెబ్ డిజైనర్‌ని. 1950లు, 60ల నాటి తెలుగు సినిమా పోస్టర్ల మీద కుంచెతో రాసిన టైటిళ్లంటే నాకు ప్రాణం. అక్షరాల తీరు చూస్తేనే అది పౌరాణికమో, జానపదమో, సాంఘికమో తెలిసిపోయేది! ఇప్పుడు ఒక నాటక బృందానికి సైట్ చేస్తూ శీర్షికల్లో ఆ కళ తేవాలనుకుంటున్నాను. గూగుల్ ఫాంట్స్‌లో ధూర్జటి, పెద్దన, తిమ్మన వాడి చూశాను. చక్కగా ఉన్నాయి కానీ కుంచె ఊపు రాలేదు. పైగా లైన్ హైట్ (వరుసల మధ్య దూరం) తగ్గిస్తే ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. పెంచితే శీర్షిక విడిపోయినట్టుంది. యూనికోడ్‌లో పనిచేసే అలాంటి ఫాంట్ ఎవరికైనా తెలుసా? లేక లెటరింగ్ ఆర్టిస్టుతో రాయించి ఎస్వీజీగా (ఎంత పెద్దది చేసినా చెదరని బొమ్మ ఫైలుగా) పెట్టడమే మేలా? అలా చేసినవాళ్లు ఫోన్ స్క్రీన్ మీద ఎలా కనిపించిందో దయచేసి చెప్పండి.