సమస్య: మండువేసవి నట్టింట మంచు కురిసె

నిర్వాహకుడు: తేటగీతి పద్యానికి చివరి పాదం ఇచ్చాను, దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఫ్రిజ్ తలుపు తీశామనీ, కల వచ్చిందనీ తప్పించుకోకండి. ‘మండువేసవి’ అన్న మాటకు న్యాయం జరగాలి. వేసవి అంతా మండువేసవి కాదు. గ్రీష్మమూ కాదు, గ్రీష్మమంటే జ్యేష్ఠ ఆషాఢాలు, ఆషాఢంలో మన దగ్గర వానలు పడుతుంటాయి. భరణి ఎండకు బండలు, రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు చూడండి, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా, ఆ ఎండలకే ఈ మాట.

గోదారి:
బూరుగుల కాయలెండకు పొట్ట విచ్చ
తెల్లగా దూది గాలికి తేలి వచ్చి
తలుపు తీయగ తాతయ్య తలను నిండె
మండువేసవి నట్టింట మంచు కురిసె

నిర్వాహకుడు: చాలా బాగుందండీ. దూదిని మంచుతో పోల్చడం పాతదే, తాతయ్య తల మీదికి వచ్చేసరికి కొత్తదైంది. పైగా ఎండ లేనిదే ఆ కాయ పగలదు, మంచుకు కారణం మండువేసవే అయింది! ఒక్క మాట: ‘బూరుగుల కాయ’ అని ఎవరూ అనరు. ‘బూరుగున కాయ’ అంటే గణం చెడదు, చెట్టూ కనబడుతుంది.

పల్నాటివాసి:
చినుకు రాలెను మృగశిర చేరగానె
వేడిగాలులు పోయెను వీధి విడిచి
పెంకులూడగ వడగళ్ళు పెల్లురాలె
మండువేసవి నట్టింట మంచు కురిసె

గోదారి: యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడీలు, చక్కగా కుదిరాయి. పెంకులు ఊడబట్టి వడగళ్ళు నట్టింట్లోకి వచ్చాయి, ఆ దారి నాకు తట్టలేదు. కానీ మృగశిర కార్తె వచ్చేది జూన్ 8 ప్రాంతంలో కదండీ. అప్పటికి ఏరువాక హడావిడి. మొదటి పాదమే నాలుగో పాదాన్ని కాదంటోంది.

నిర్వాహకుడు: అవును. పైగా వడగళ్ళు మండే ఎండల సరుకే. నేల బాగా కాగి, తేమగాలి నిట్టనిలువుగా ఎగసి, పైన గడ్డకట్టి పడతాయి. మీ ఊహ సరైనదే, కార్తె మార్చండి చాలు.

పల్నాటివాసి: మా వైపు ఆ వాన సాయంత్రాలే వస్తుంది. ఇలా మార్చాను:
మబ్బు కమ్మెను భరణిలో మాపువేళ

నిర్వాహకుడు: ఇప్పుడు పద్యం నిలబడింది. ‘మాపువేళ’ యతి కోసం వచ్చినట్టు లేదు, ఆకాశం చూసి రాసినట్టుంది. రోహిణి మీద ఇంకా ఎవరూ పూరించలేదు, ఆదివారం దాకా గడువుంది.