కొరాపుట్ కొండలూ డ్యాములూ: కారు లేకుండా ఇద్దరం బస్సుల్లో తిరగగలమా?

బరంపురం_కోడలు:

అందరికీ నమస్కారం. మాది బరంపురం. కార్తీకంలో నాకూ మా వారికీ ఒక వారం సెలవు కలిసొచ్చింది. అరకు జనంలో మళ్లీ పడదలచుకోలేదు, అందుకని ఈసారి కొరాపుట్ వైపు అనుకున్నాం. దేవమాలి కొండ, కొలాబ్ డ్యామ్, డుడుమ జలపాతం, వీలైతే గుప్తేశ్వరం. భుజాన చెరో బ్యాగు, అంతే సామాను.

మా మామగారు "కారు మాట్లాడుకోండి, అక్కడి బస్సుల్ని నమ్ముకుంటే రోడ్డు మీదే తెల్లారుతుంది" అంటున్నారు. మా వారికేమో కిటికీ పక్కన సీటు దొరికితే ఇంకేమీ అక్కర్లేదు. నాకు బస్సంటే ఇష్టమే గానీ టెన్షన్లు వేరే ఉన్నాయి. చీకటి పడ్డాక ముక్కూ మొహం తెలియని ఊళ్లో ఇరుక్కుంటామేమో అని ఒకటి. ఆడవాళ్లకి బాత్రూమ్ సంగతేమిటని ఇంకొకటి. మా వారికి ఒడియా బాగా వచ్చు, నాది కూరల బేరం వరకే.

రోజుకో ఊళ్లో పడుకుంటూ ముందుకి పోదామని మా ప్లాన్. ఏ వరుసలో వెళ్లాలో ఆ వైపు వాళ్లు కాస్త చెప్పండి.

పార్వతీపురం_పాసింజర్:

బరంపురంలో రాత్రి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాయగడలో దిగిపోండి. అక్కడి నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్‌కి పగటి బస్సు పట్టుకుంటే కొండలన్నీ కళ్లారా చూడొచ్చు. బస్సు పిచ్చి లేకపోతే అదే రైల్లో కూర్చుని ఉన్నా కొరాపుట్ వెళ్తుంది, సొరంగాలూ వంతెనలూ ఆ దారిలోనూ బోలెడు. ఇంకో సంగతి. మ్యాపులో శిమిలిగుడ అని రైల్వే స్టేషన్ కనబడితే దేవమాలి దగ్గరి సిమిలిగుడ అనుకోకండి. ఆ స్టేషన్ మన ఆంధ్రాలో, అరకు దారిలో ఉంది. మీకు కావలసింది సునాబెడ పక్కనున్న టౌను.

టీకాల_డబ్బా:

మేం జయపురంలో ఉంటాం. నేను ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. నందపూర్, లంతాపుట్, సిమిలిగుడ బ్లాకుల్లో టీకాల డబ్బా భుజాన వేసుకుని ఉద్యోగమంతా ఈ బస్సుల్లోనే తిరిగాను. కాబట్టి మీ మామగారి మాట సగమే ఒప్పుకుంటా.

అమ్మా, ఇక్కడ బస్సులో తిరగాలంటే కిలోమీటర్లు చూసి కాదు, వారం చూసి ప్లాన్ వేసుకోవాలి. ఏ రోజు ఏ ఊళ్లో సంతో ఆ రోజు ఆ దారిలో బస్సులు, ట్రెక్కర్లు (మనుషుల్ని ఎక్కించుకునే జీపులు), ఆటోలు అన్నీ తిరుగుతాయి. మర్నాడు అదే రోడ్డు మీద మేకలు తప్ప ఏమీ కనబడవు. మాకిది ఉద్యోగంలో చేరగానే తెలిసిపోయేది. సంత రోజు టీకాలు పెట్టుకుంటే ఊళ్లో ఒక్క తల్లీ దొరకదు, పిల్లల్ని చంకనేసుకుని అందరూ సంతకి పోతారు. అందుకని రిజిస్టర్ రాయడం కంటే ముందు సంతల వారాలు బట్టీ పట్టేవాళ్లం.

మీకు కావలసినవి రెండే. గురువారం ఒనకఢిల్లీ సంత, శుక్రవారం కుందులి సంత. వీటి చుట్టూ మిగతావి సర్దుకోండి.

బుధవారం రాత్రికి కొరాపుట్ చేరి అక్కడే గది తీసుకోండి. రోజుకో ఊళ్లో పడుకుందామన్న ఆలోచన మానెయ్యండి, లోపలి ఊళ్లలో గదులు దొరకవు. పెద్ద బ్యాగులు లాడ్జిలో పడేసి చిన్న సంచితో తిరిగితే హాయి. గురువారం పొద్దున్నే నందపూర్, లంతాపుట్ మీదుగా ఒనకఢిల్లీ. దూరం డెబ్బై కిలోమీటర్ల చుట్టుపక్కలే గానీ మలుపులెక్కువ, సగం పూట పోతుందనుకోండి. నందపూర్ ఒకప్పుడు జయపురం రాజుల రాజధాని. ముప్ఫై రెండు మెట్ల సింహాసనం అని ఒకటుంది, బస్సు ఆగి డ్రైవరు టీ తాగుతుంటే చూసొచ్చేంత చోటు కాదు, దాని కోసం ఆగాలనుకుంటే ఆ రోజు డుడుమ వదులుకోవాలి. నేనైతే వదులుకోను.

ఒనకఢిల్లీ సంతకి బొండా అనే గిరిజన తెగ ఆడవాళ్లు కొండ దిగి వస్తారు. మెడ నిండా పూసలు, గుండు మీద కూడా పూసలే. వాళ్ల మొహం మీదికి ఫోన్ పెట్టి ఫొటోలు తీసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు వచ్చేది సరుకు అమ్ముకోడానికి. ఏదైనా కొనండి, మాట్లాడండి, ఫోన్ సంచిలో పెట్టుకోండి.

అక్కడికి దగ్గర్లోనే డుడుమ. మాచ్‌ఖండ్ నది సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి లోయలో పడుతుంది. పైన జోలాపుట్ డ్యామ్‌లో నీళ్లు ఆపి కరెంటుకి మళ్లిస్తారు గనక ఎండాకాలం వచ్చినవాళ్లు "ఇంతేనా" అని తిట్టుకుంటూ పోతారు. మీరు వచ్చేది వానలు వెళ్లిన కొత్తలో, బాగానే ఉంటుంది. పొద్దున మంచు కమ్మి ఏమీ కనబడకపోతే కంగారు పడకండి, ముందు సంత చూసుకుని ఎండ ఎక్కాక జలపాతానికి వెళ్లండి. కింద లోయలో ఉన్న పవర్‌హౌస్ 1955లో మొదలైంది, 120 మెగావాట్లు, ఆంధ్రా ఒడిశా ఉమ్మడిది. కిందికి దిగే వించ్ ట్రాలీ కనబడుతుంది, అది సిబ్బంది కోసం. ఎక్కిస్తారేమోనని గేటు దగ్గర బతిమాలి పూట పాడుచేసుకోకండి.

ఇప్పుడు అసలు టెన్షన్ సంగతి. మీరు ఎక్కిన బస్సు డ్రైవరునే అడగండి: "ఇదే బండి ఎన్నింటికి తిరిగొస్తుంది?" అని. కండక్టరు "చాలా బస్సులున్నాయి" అంటాడు, నమ్మొద్దు. డ్రైవరు తన బండి సంగతి మాత్రం కచ్చితంగా చెప్తాడు. సాయంత్రం లోపలికి వెళ్లే బస్సులు చాలా వరకు నైట్ హాల్ట్ బస్సులు. రాత్రి ఆ ఊళ్లోనే పడుకుని తెల్లవారుజామున తిరిగొస్తాయి. కొత్తవాళ్లు ఇరుక్కునేది వీటిలోనే. మధ్యాహ్నం మూడు తర్వాత కొరాపుట్‌కి దూరంగా పోయే బస్సు ఏదీ ఎక్కకండి, అంతే.

శుక్రవారం కుందులి. ఇది హైవే మీదే, సాలూరు వైపు పోయే బస్సు ఏదైనా ఎక్కొచ్చు. సంత పెద్దది, అల్లం బస్తాలు గుట్టలు గుట్టలుగా పోస్తారు. దేవమాలికి మాత్రం బస్సు లేదు. 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. సిమిలిగుడలో ఆటోనో జీపో రానూపోనూ మాట్లాడుకోండి, పైన ఎంతసేపు ఆగాలో కూడా ముందే బేరంలో పెట్టండి. పైన చెట్టు నీడ ఉండదు, గాలి మాత్రం మనిషిని నిలబడనివ్వదు. చీర కట్టుకుని వెళ్లకండి, అనుభవం మీద చెప్తున్నా.

శనివారం కొలాబ్ డ్యామ్, ఊరికే ఒక పూట. మధ్యాహ్నం తిని నిద్రపోయి సాయంత్రం ఆటోలో వెళ్లినా సరిపోతుంది. ఆ నీళ్ల కింద చాలా ఊళ్లు మునిగాయి. మాతో పనిచేసిన ఒకావిడ వాళ్ల పుట్టిల్లు ఎటువైపో వేలు పెట్టి చూపించేది. ఇదే కొలాబ్ కిందికి పోయి శబరి అవుతుంది, మాచ్‌ఖండ్ సీలేరు అవుతుంది. మీరు చూసే నీళ్లన్నీ ఒకటై చివరికి కూనవరం దగ్గర గోదారిలో కలిసేవే.

గుప్తేశ్వరం కావాలంటే ఆదివారం జయపురం వచ్చేయండి. ఘాట్ దిగితే ఇరవై రెండు కిలోమీటర్లు. అక్కడి నుంచి బొయిపరిగుడ, రామగిరి మీదుగా పోవాలి. శివుడు గుహలో ఉంటాడు, పక్కనే శబరి. కార్తీక సోమవారం జనం విరగబడతారు, దర్శనం కంటే తోపులాట ఎక్కువ. కానీ బస్సులు దొరికేదీ ఆ రోజే. మీ ఓపిక.

బాత్రూమ్ సంగతి: సంతల్లో ఉండదు. కొరాపుట్, సిమిలిగుడ, జయపురంలో పెట్రోలు బంకులున్నాయి. లోపల నందపూర్, లంతాపుట్‌లలో సర్కారు ఆసుపత్రికి వెళ్లండి, ఎవరూ కాదనరు. మేమూ అదే చేసేవాళ్లం. అంతేగానీ నీళ్లు తాగడం మానేసి బస్సెక్కడం వద్దు.

పర్లాకిమిడి_వాసి:

ఇంత దూరం ఎందుకండీ? బరంపురం వాళ్లకి పక్కనే తప్తపాణి వేడినీళ్ల గుండం, చంద్రగిరి టిబెటన్ ఊళ్లు, జిరంగ్‌లో పెద్ద బౌద్ధారామం ఉన్నాయి. కొండ కావాలంటే మా మహేంద్రగిరి, 1,501 మీటర్లు. పైన పాండవుల పేర్లతో పాత గుళ్లు, రాజేంద్ర చోళుడి శాసనం. చరిత్ర కావాలంటే దేవమాలి మీద ఏముంది?

టీకాల_డబ్బా:

మహేంద్రగిరి గొప్పదే, కాదనను బాబూ. ఆ గుళ్ల దాకా బస్సు వెళ్తుందా, అది చెప్పండి ముందు. వాళ్లు అడిగింది బస్సు గురించి.

పర్లాకిమిడి_వాసి:

బస్సు వెళ్లదు, జీపు మాట్లాడుకోవాలి. ఆ మాట ఒప్పుకుంటున్నా. జిరంగ్ మాత్రం బస్సులో అయ్యే పనే, ఇంకో వారాంతానికి దాచుకోండి.

బరంపురం_కోడలు:

సిస్టరమ్మగారూ, మా మామగారికి చదివి వినిపించాను. నైట్ హాల్ట్ బస్సు దగ్గరికొచ్చేసరికి "చూశావా, నేను చెప్పలా" అన్నారు, మిగతాదంతా విననట్టే ఉన్నారు! ఇంకో మూడు అడుగుతాను, విసుక్కోకండి. నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది, లాడ్జిలో ఇబ్బంది పెడతారా? దోమలు ఎక్కువంటున్నారు, నిజమా? తిండి ఎలా?

సునాబెడ_క్వార్టర్స్:

ఆధార్ సంగతి నేను చెప్తాను. ఇద్దరి ఒరిజినల్ ఆధార్‌లూ చూపిస్తే చాలు, ఇంటిపేరు వేరైతే గది ఇవ్వకూడదని రూలేమీ లేదు. కానీ కౌంటర్లో కూర్చున్నవాడి మూడ్‌ని బట్టి ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్ ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే వాదన ఉండదు. గది ముందే ఫోన్‌లో మాట్లాడి, దంపతులం అని అప్పుడే చెప్పేయండి. స్వెట్టర్లు మర్చిపోవద్దు. బరంపురం చలి లెక్కన సర్దుకుంటే ఇక్కడ రాత్రుళ్లు గజగజలాడతారు.

టీకాల_డబ్బా:

దోమల సంగతి నిజమే, ఇది మలేరియా జిల్లా. ముందుకంటే బాగా తగ్గింది గానీ పోలేదు. కుట్టే దోమ రాత్రి పూటది, కాబట్టి పొద్దు వాలాక నిండు చేతుల బట్టలు, ఒంటికి రాసుకునే క్రీము, గదిలో దోమతెర. తెర లాడ్జిలో అడగండి, లేదంటే మీదే తెచ్చుకోండి, మడిస్తే తువ్వాలంత కూడా ఉండదు. ఇంటికెళ్లిన నెల లోపల ఎవరికి జ్వరం తగిలినా పారాసెటమాల్ వేసుకుని కూర్చోవద్దు. "కొరాపుట్ వెళ్లొచ్చాం" అని డాక్టరుకి ముందే చెప్పి రక్తపరీక్ష చేయించండి. ఇక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం రకం మలేరియా, ఆలస్యం చేస్తే మెదడుకి ఎక్కుతుంది. బరంపురంలో డాక్టరు మీరు చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకోవచ్చు.

తిండికి లోటు లేదు. పొద్దున బరా (మన గారెలే), ఘుగుని (బఠాణీల కూర) ఎక్కడైనా దొరుకుతాయి. సంతలో మండియా పేజ్ అమ్ముతారు, మన రాగి అంబలే. ఎండలో అది తాగితే మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు. ఏ నీళ్లతో కలిపారో ఒక చూపు చూసి తాగండి. లందా అనే నాటు సారాయి లాంటి పులిసిన బియ్యపు కల్లు, జీలుగు కల్లు కూడా ఉంటాయి. మీ వారు ఉబలాటపడితే తిరుగు బస్సుకి టైము ఎంతుందో చూసుకుని తాగమనండి.

బస్సులో ఇద్దరికీ పక్కపక్క సీట్లు దొరక్కపోవచ్చు. సంత రోజు మీరు ముందర ఆడవాళ్లలో, ఆయన వెనకాల కోళ్ల గంపల మధ్య. డబ్బులూ ఆధార్ ఒక్కరి దగ్గరే ఉంచకుండా చెరిసగం పెట్టుకోండి.

బరంపురం_కోడలు:

బుధవారం కొరాపుట్‌లో గది చెప్పేశాం. మామగారు కుందులి నుంచి అల్లం తెమ్మన్నారు, అయిదు కిలోలు!

టీకాల_డబ్బా:

శుక్రవారం కొంటే మిగతా రోజులన్నీ మొయ్యాలి. రెండు కిలోలు చాలని చెప్పండి. మిగతాది బరంపురం మార్కెట్లో కొనివ్వండి, ఆయనకి తెలియదు.