మిషన్ భగీరథ నల్లా నీళ్ళొచ్చిన ఊళ్ళో వాటర్ ప్లాంటుకు మళ్ళీ డబ్బు పెట్టాలా, నేల కింది ఊటను కాపాడుకోవాలా?

చర్చ ప్రారంభించినవారు: విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు, మర్రిగూడ ప్రాంతం, నల్లగొండ జిల్లా

మా గ్రామ పంచాయతీ ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంది. బోరు నీటిలోని ఫ్లోరైడ్‌ను తీసేసే ఊరి వాటర్ ప్లాంటులో మెంబ్రేన్లు (వడపోత పొరలు) పాడైపోయాయి. వాటిని మార్చి, మోటారు బాగు చేయించి, ప్లాంటును మళ్ళీ నడపడానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో మిగిలిన మొత్తాన్ని వాడాలని కొందరు వార్డు సభ్యులు అంటున్నారు. ఆ నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు చేయాలి. తాగునీటి పద్దులోనే వాన నీటిని నిల్వ చేసే పనులు, నీటి పునర్వినియోగం కూడా వస్తాయి. కాబట్టి ప్లాంటుకు పెట్టినా నిబంధన ఒప్పుకుంటుంది, పాత చేదబావి పూడిక తీసి వాన నీరు ఇంకే ఏర్పాటు చేసినా ఒప్పుకుంటుంది. రెండింటికీ మాత్రం డబ్బు చాలదు.

నా అభిప్రాయం దాచుకోను: ప్లాంటుకు పెట్టకూడదు. కారణం ప్లాంటు వెనక గోడ దగ్గర కనిపిస్తుంది. ఆ గోడలోంచి ఒక పైపు బయటికి వస్తుంది. ప్లాంటు నడిచినన్నాళ్ళూ వడపోతలో మిగిలిన నీళ్ళు అందులోంచి ఒక గుంతలోకి పారుతూ ఉండేవి, ఇప్పటికీ ఆ గుంత అంచు సున్నం కొట్టినట్టు తెల్లగా పొరలు కట్టి ఉంటుంది. లెక్క పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండి, ప్లాంటు సగం నీటిని శుద్ధి చేసి సగం బయటికి వదిలితే, ఆ వదిలిన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు 6 మిల్లీగ్రాములకు చేరుతుంది. ఆ గుంతకు ముప్పై అడుగుల దూరంలో మా తాతల కాలపు ఆ చేదబావి ఉంది. క్యాన్‌లో నింపుకున్న ప్రతి లీటరు మంచి నీటికీ ఇంకో లీటరు చెడ్డ నీటిని మన కాళ్ళ కిందే పోస్తున్నాం. ఊరి నేలకు హాని చేసే పనికి ఊరి డబ్బే ఖర్చు పెట్టడం నాకు సమ్మతం కాదు. మీ అభిప్రాయాలు, ముఖ్యంగా నాతో ఏకీభవించనివారివి, తెలుసుకోవాలని ఉంది.

మహిళా సంఘం సభ్యురాలు, నాంపల్లి మండలం

సార్ గారికి నమస్కారం. మా ఊరి ప్లాంటును నాలుగేళ్ళుగా మా సంఘమే నడుపుతోంది కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసింది చెబుతాను. పైపు సంగతి మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ పోయిన వేసవిలో భగీరథ పైపులైను పగిలి తొమ్మిది రోజులు నల్లా రాలేదు. ఆ తొమ్మిది రోజులూ తెల్లవారుజామున నాలుగు గంటల నుంచే ప్లాంటు ముందు క్యాన్ల వరుస ఉండేది. ప్లాంటు లేకపోయి ఉంటే ఆ జనం పొలాల్లోని బోరు నీళ్ళే తాగేవాళ్ళు.

మా అత్తగారికి యాభై ఏళ్ళకే మోకాళ్ళు వంగడం ఆగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆమె చిన్నతనంలో, పెళ్ళయిన కొత్తలో తాగిన ఫ్లోరైడ్ నీళ్ళ ఫలితం అది. పిల్లలకు పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చేలోపే, ఎనిమిదేళ్ళలోపు తాగిన నీళ్ళను బట్టే ఆ పళ్ళ మీద గోధుమ రంగు చారలు పడతాయని మాకు శిక్షణలో చెప్పారు. మీరు చెప్పే ఊట బాగుపడడానికి ఎన్ని వానాకాలాలు పడతాయి సార్? అంతవరకు మా పిల్లల పళ్ళు ఆగవు కదా! ఈ రోజు తాగే చెంబుడు నీళ్ళను ఆపి రేపటి బావిని బాగు చేద్దామనడం ఇంట్లో ఆకలితో ఉన్న బిడ్డకు పొలంలో నాటు వేసిన సంగతి చెప్పినట్టే ఉంటుంది.

విశ్రాంత ఇంజనీరు, గ్రామీణ నీటి సరఫరా

ఇద్దరూ ఒక సంగతి మరిచిపోతున్నారని నా మనవి. ఈ జిల్లా కోరుకున్నది ప్లాంట్లూ కాదు, బావులూ కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయి, పోలింగునే వాయిదా వేయవలసి వచ్చింది. ఫ్లోరైడ్ గోడును దేశం వినాలని చేసిన పని అది. అప్పుడు అడిగింది కృష్ణా నీళ్ళు. ఆ తరవాత 2004లో అక్కంపల్లి జలాశయం నుంచి, కోదండాపురంలో శుద్ధి అయిన కృష్ణా నీళ్ళు మన జిల్లా మీదుగానే హైదరాబాద్ వెళ్ళాయి. మన పల్లెల్లో ప్రతి ఇంటికీ నల్లా రావడానికి ఇంకా పదేళ్ళకు పైగా ఆగవలసి వచ్చింది. చౌటుప్పల్‌లో భగీరథ పథకానికి పైలాన్ (గుర్తు స్తంభం) వేసింది 2015లో. అంత కష్టపడి తెచ్చుకున్న నీటిని తాగకుండా, లీకులు సరిచేయించుకోకుండా, మళ్ళీ బోరు నీటి చుట్టూ తిరగడం నాకు బాధగా ఉంది. ఉన్న డబ్బును ఊరి లోపలి పైపులకు, వాల్వులకు, ట్యాంకు శుభ్రతకు, క్లోరిన్‌కు పెట్టండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఊరూరా శుద్ధి యంత్రం పెట్టే దారిని మనం ఇదివరకే ఒకసారి చూశాం. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టింది. నల్లగొండ పద్ధతి అన్న పేరుతో అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. ఊళ్ళలో మాత్రం రోజూ కొలిచి మందు కలిపే మనిషి లేక, అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడ పారబోయాలో తెలియక ఎన్నో చోట్ల మూలన పడింది. యంత్రం మంచిదే అయినా దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికి జీతం పద్దు లేకపోతే అది నిలవదు.

భూగర్భ జలాల మీద పనిచేస్తున్నవారు, హైదరాబాద్

ఇంజనీరు గారి మాటలో న్యాయం ఉంది, కానీ ఒక ప్రశ్న. నల్లా నీళ్ళు తగ్గిన రోజున మీ ఊళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకును దేనితో నింపుతారు? నేను తిరిగిన చాలా ఊళ్ళలో పంచాయతీ బోరు పైపు కూడా అదే ట్యాంకులోకి కలిపి ఉంటుంది. వేసవిలో వాల్వు తిప్పితే చాలు, కృష్ణా నీళ్ళలో బోరు నీళ్ళు కలిసిపోతాయి; నల్లా విప్పిన ఇల్లాలికి ఆ సంగతి తెలిసే దారే లేదు. కాబట్టి పైపులైను వచ్చింది కనుక కింది నీటి నాణ్యతతో పని లేదనడం సరికాదు. పైగా మంచి నీళ్ళు క్యాన్‌లో తెచ్చుకున్నా, వంటకూ చాయకూ బోరు నీళ్ళే వాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఫ్లోరైడూ ఒంట్లోకే వెళుతుంది.

ఉపాధ్యాయుల వారికి కూడా ఒక హెచ్చరిక చేయాలి. మన గ్రానైటు నేలల్లో ఫ్లోరైడ్ రాతిలోనే ఉంది. నీరు ఆ పగుళ్ళలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే, అందులో కాల్షియం తగ్గి సోడియం, బైకార్బనేట్లు ఎంత పెరిగితే, అంత ఎక్కువగా కరుగుతుంది. పైపొరల్లోని చేదబావులు ఎండిపోయి, వందల అడుగుల లోతు బోర్లకు వెళ్ళడంతో చాలా చోట్ల ఈ సమస్య ముదిరింది. చెరువు నిండితే, దాని కింద ఉన్న పైపొర బావిలో కొత్త నీరు చేరి ఫ్లోరైడ్ పలచబడే అవకాశం ఉంటుంది. కానీ అది ఆ బావికి, ఆ కొన్ని నెలలకు మాత్రమే వర్తిస్తుంది. లోతు బోరు మీద ప్రభావం కనిపించడానికి చాలా కాలం పట్టవచ్చు, అసలు కనిపించకపోనూ వచ్చు. కొలిచి చూడకుండా ఊట బాగుపడిందని ఎవరూ చెప్పకూడదు.

ఇక నైట్రేట్ మాట ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఫ్లోరైడ్ రాతి తప్పు కావచ్చు, మరుగుదొడ్ల నుంచి, ఎరువుల నుంచి నీటిలో చేరే నైట్రేట్ మాత్రం మన తప్పే. మరుగుదొడ్డి గుంతకూ బావికీ మధ్య 10 మీటర్లు ఉంటే చాలని సాధారణంగా చెబుతారు. పగుళ్ళు పారిన రాతి నేలలో ఆ దూరం భరోసా ఇవ్వదు. భారతీయ ప్రమాణాల్లో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దు పెట్టి, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సడలింపు ఇచ్చారు. నైట్రేట్‌కు 45 మిల్లీగ్రాములు దాటితే ఏ సడలింపూ లేదు. ఊటను కాపాడడమంటే వాన నీటిని ఇంకించడం మాత్రమే కాదు, చెడ్డ నీరు ఇంకకుండా చూడడం కూడా. అందుకు చట్టం కూడా కొంత తోడుంది. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు అనుమతి లేకుండా వేరే అవసరాలకు బోరు వేయకూడదు. ఆ హద్దును ఎన్ని పంచాయతీలు గుర్తు పెట్టుకున్నాయి?

డబ్బు సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. భూగర్భ జలాల కోసం కేంద్రం 2019 డిసెంబరులో 6,000 కోట్ల రూపాయలతో అటల్ భూజల్ యోజన మొదలుపెట్టినప్పుడు ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రప్రదేశూ లేదు. ఊరి రైతులే బావుల నీటిమట్టం కొలిచి, దాన్ని బట్టి పంటలు నిర్ణయించుకునే పద్ధతిని అంతకు ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరవు జిల్లాల రైతులు చేసి చూపించారు. ఆ పని నేర్పిన నేలకే ఆ పథకంలో చోటు దొరకకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో కూడా నీటి నాణ్యత పరీక్షలకు, పర్యవేక్షణకు కేటాయించింది నిధుల్లో 2 శాతమే.

మెట్ట రైతు, పొదిలి వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా

మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మొదట లోకానికి తెలిసింది 1937లో, మా దర్శి, పొదిలి ప్రాంతం నుంచే. తొంభై ఏళ్ళు కావస్తున్నా, నల్లా రాని రోజున మాకు దిక్కు బోరే. మనుషుల సంగతి అందరూ మాట్లాడుతున్నారు, పశువుల సంగతి కూడా కాస్త చూడండి. మా ఎద్దులకు పళ్ళు అరిగిపోయి, మేత నమలలేక చిక్కిపోతాయి. వాటికి ఎవరూ క్యాన్ నీళ్ళు పోయరు. ఊట బాగుపడితేనే వాటికీ మేలు.

మహిళా సంఘం సభ్యురాలు, నాంపల్లి మండలం

హైదరాబాద్ సార్ రాసింది రెండుసార్లు చదివాను. ట్యాంకులో బోరు నీళ్ళు కలిపే సంగతి నాకూ తెలుసు, కానీ అది నీటి నాణ్యత విషయమని ఇంతవరకు అనుకోలేదు, నీటి ఎద్దడి విషయమనే అనుకున్నాను. పరీక్షల గురించి మాత్రం ఒక మాట. ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్ వాడడం నేర్పాలన్నారు, మా ఊళ్ళో నేర్పారు కూడా. నేను వాళ్ళలో ఒకదాన్ని. గాజు గొట్టంలో నీళ్ళు గీత దాకా పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ రంగు పసుపులోకి దిగుతుంది. మొదటి రోజు మా ఇంటి వెనక బోరు నీళ్ళు పోసి చూస్తే అచ్చం పసుపు నీళ్ళలాగే అయ్యాయి, చేతిలో గొట్టం వణికింది. ఆ తరవాత ఏడాదికే మందు సీసాలు అయిపోయాయి, కొత్తవి రాలేదు. మాకు నేర్పిన చదువంతా ఆ ఖాళీ సీసాల దగ్గరే ఆగింది.

ప్లాంటు మాత్రం వదులుకోలేం. కానీ ఆ వెనక పైపును బావి వైపు పోనివ్వకూడదన్న మాటకు ఒప్పుకుంటున్నాను. మా ప్లాంటు పైపు కూడా ఎటు పోతుందో నిన్న వెళ్ళి చూశాను. ఊరి చివర కుంటలోకి పోతోంది. ఆ కుంటలోనే గేదెలు దిగుతాయి.

చర్చ ప్రారంభించినవారు

అందరికీ కృతజ్ఞతలు. నేను మొదట రాసినదాంట్లో ఒక తొందరపాటు ఉందని ఒప్పుకుంటున్నాను. ఊట బాగుపడేదాకా ప్లాంటు ఆపాలనడం తొమ్మిది రోజులు నల్లా రాని ఊరికి చెప్పదగిన మాట కాదు. అయినా, మిగిలిన నీరు ఎటు పోతుందో తేల్చకుండా ప్లాంటుకు ఒక్క రూపాయి కూడా మంజూరు చేయకూడదన్న మాట మీద గట్టిగానే నిలబడతాను. ఆ నీటిని సిమెంటు తొట్టిలో పట్టి, మరుగుదొడ్లు కడగడానికి వాడి, మిగిలినది బావికి, కుంటకు దూరంగా, పశువులు ముట్టని చోట ఆరబెట్టే ఏర్పాటు కూడా ప్లాంటు ఖర్చులో భాగమే కావాలి. ఆ ఏర్పాటుకు డబ్బు చాలకపోతే, ప్లాంటును తాగడానికీ వంటకూ సరిపడేంతే నడపాలి.

హైదరాబాద్ వారి మాట ప్రకారం, బోరు పైపు ట్యాంకులో కలిసే చోట వాల్వుకు తాళం వేసి, ఏ రోజున తిప్పారో పంచాయతీ గోడ మీద రాయించమని అడుగుతాను. దీనికి ఖర్చేమీ లేదు. కిట్ మందు సీసాలకు పెద్ద ఖర్చు కాదు, అది మొదటి పద్దుగా ఉండాలి. ఆ తరవాతే పాత చేదబావి పూడిక. బావిలో నీరు వానాకాలానికి ముందు ఒకసారి, చెరువు మత్తడి దూకాక ఒకసారి పరీక్షించి, తేడా ఉంటేనే మళ్ళీ ఏడాది దాని మీద ఖర్చు పెట్టాలి. తేడా రాకపోతే ఆ సంగతి కూడా అదే గోడ మీద నేనే రాయిస్తాను.

నా దగ్గర మిగిలిన కిట్‌తో నిన్న సాయంత్రం ఆ చేదబావి నీళ్ళు పరీక్షించాను. రంగు పట్టికలో ఫ్లోరైడ్ 2కూ 3 మిల్లీగ్రాములకూ మధ్య నిలిచింది. వచ్చే గ్రామసభకు ఆ గొట్టాన్ని, పట్టికను, ప్లాంటు గుంతలోంచి తీసిన నీటి సీసాను పట్టుకుని వెళుతున్నాను. నాంపల్లి అమ్మగారూ, మీ కుంట నీటిని కూడా ఒక శుభ్రమైన సీసాలో పట్టి ఉంచండి. మందు నా దగ్గర ఇంకా నాలుగు పరీక్షలకు సరిపోతుంది.