జీబ్రా ఫించ్: మూడు విడతల గుడ్లూ వృథా. మేత మార్చాలా, విటమిన్ ఇ వేయాలా?

కుండలోపిట్ట (విజయవాడ)

జీబ్రా ఫించ్ జత, వయసు సుమారు 9 నెలలు. 2 అడుగుల పంజరం, మూసిన కిటికీ అద్దం వెనక. మట్టి ముంతలో కొబ్బరి పీచు పెట్టాను. ఇప్పటికి మూడు విడతలుగా ఐదేసి గుడ్లు పెట్టింది, ఒక్క పిల్లా రాలేదు. మూడో విడత గుడ్లు ఇంకా ముంతలోనే ఉన్నాయి, పొదగడం మొదలుపెట్టి 10 రోజులు.

మేత: కిరాణా కొట్టు కొర్రలు, అప్పుడప్పుడు కొత్తిమీర, రోజూ నీళ్లలో మల్టీవిటమిన్ చుక్కలు. షాపతను మనం వాడే విటమిన్ ఇ 400 క్యాప్సూల్, చేపనూనె క్యాప్సూల్ కోసి గింజలకు పట్టించమంటున్నాడు. ఎంత వేయాలి, ఎన్ని రోజులు?

గింజలబుట్ట

మోతాదు తర్వాత. ముందు ఆ గుడ్లలో ఏముందో చూడండి. చీకటి గదిలో ఫోన్ టార్చి మీద అరచేతిని గొట్టంలా చుట్టి, గుడ్డు లావు కొనను వెలుగుకు ఆనించండి. గుడ్డు చిన్నది, చెంచాతో తీయండి, వేళ్లతో నొక్కితే చిట్లుతుంది. 10 రోజులకు లోపల సగానికి పైగా నల్లగా కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. మొత్తం పసుపుగా, తేటగా ఉంటే అసలు పట్టలేదు, అంటే ఫలదీకరణ కాలేదు. ఎర్రటి ఉంగరంలా రక్తపు గీత కనిపిస్తే, పట్టింది కానీ మొదటి రోజుల్లోనే చచ్చిపోయింది. తేట గుడ్డుకూ ఎర్ర ఉంగరానికీ కారణాలు వేరు, మందూ వేరు.

అన్నీ తేటగా ఉంటే మేత కంటే ముందు చూడాల్సినవి:

పుంజు, పెట్ట అన్నది ఖాయమేనా? బూడిద రంగువైతే పుంజుకు నారింజ బుగ్గలు, రొమ్ము మీద చారలు ఉంటాయి, తేలిక. తెల్లవాటిలోనే మోసపోతాం. ముక్కు ముదురు ఎరుపు, పాట పాడేది పుంజు. ఎవరూ పాడకపోతే రెండూ పెట్టలే కావచ్చు. అలాంటి జతలో ఒకే ముంతలో 8, 10 గుడ్లు చేరతాయి. మీకు ఐదే కాబట్టి ఆ అనుమానం తక్కువ.

కూర్చునే కర్ర కదులుతోందా? ఊగే కర్ర మీద పుంజు ఎక్కలేక జారిపోతుంది. ఒక్కటైనా వేలి మందం లోపు కర్ర రెండు వైపులా బిగించి ఉండాలి. ఇది ఎవరూ పట్టించుకోరు, ఖాళీ గుడ్లకు మాత్రం పెద్ద కారణం.

పొట్టుకొర్ర

మేత దగ్గరికి వస్తాను. కిరాణా కొట్టులో దొరికేది కొర్ర బియ్యం, పొట్టు తీసినది. పాలిష్‌లో మొలక భాగం చాలావరకు పోతుంది, కొవ్వు, విటమిన్ ఇ ఉండేది అక్కడే. పిట్టకు పొట్టుతో ఉన్న కొర్రలు కావాలి. పరీక్ష సులువు: చెంచాడు గింజలు 8 గంటలు నానబెట్టి, కడిగి, తడి గుడ్డలో 24 నుంచి 36 గంటలు ఉంచండి. సగం కూడా మొలవకపోతే ఆ గింజలు మార్చాల్సిందే.

కొర్రలు 4 పాళ్లు, వరిగలు 3, కెనరీ గింజలు 2, వలిసెలు (నూనె గింజలు) చిటికెడు. వలిసెలు ఎక్కువైతే కొవ్వు పడుతుంది. 2 అడుగుల పంజరంలో ఎగిరే చోటు ఎలాగూ లేదు. పొట్ట మీది ఈకలు ఊది చూడండి, చర్మం కింద పసుపు కొవ్వు కనిపిస్తే బలం కాదు, జబ్బు. ఆ పిట్ట సరిగ్గా జత కట్టదు, పెట్టకు గుడ్డు అడ్డం పడే ప్రమాదం కూడా.

గింజల్లో మాంసకృత్తులు తక్కువ, వాటిలో ముఖ్య భాగమైన లైసిన్ మరీ తక్కువ. ఆ లోటు నీళ్ల చుక్కలతో తీరదు, గుడ్డుతో తీరుతుంది. కోడిగుడ్డు 12 నిమిషాలు ఉడికించి, పెంకుతో సహా మెదిపి, రస్కు పొడి కలిపి పొడిపొడిగా చేయండి. ముద్ద కట్టకూడదు. ముంత పెట్టడానికి 3 వారాల ముందు నుంచి రోజు విడిచి రోజు జతకు ఒక టీ స్పూన్. పొదిగేటప్పుడు ఆపేయండి, లేకపోతే మళ్లీ గుడ్లు పెట్టబోతుంది. గుడ్డు పగిలి పిల్ల వచ్చిన రోజు నుంచి పూటకోసారి. మన ఎండల్లో రెండు గంటలు దాటితే తీసి పారేయాలి. మిగిలింది ఐసు ట్రేలో గడ్డ కట్టించుకుంటే వారం వస్తుంది.

సున్నానికి (కాల్షియానికి) సముద్రపు నురుగు (కటిల్ బోన్) ముక్క పంజరంలో ఎప్పుడూ ఉండాలి. అయితే విటమిన్ డి3 లేకుండా అది ఒంటికి పట్టదు, అద్దం దాటి వచ్చే ఎండలో డి3 తయారు చేసే కిరణాలు ఉండవు. పొద్దున అరగంట అద్దం తీసేయండి. పంజరంలో సగం నీడ ఉండాలి.

నూనెవద్దు

ఇద్దరూ క్యాప్సూల్ సంగతి వదిలేశారు. వేయకండి. 12 గ్రాముల పిట్ట రోజుకు తినేది నాలుగు గ్రాముల గింజ. మనిషి మోతాదు క్యాప్సూల్ దానికి లెక్క కుదరదు. అది చేప కాలేయపు నూనె (కాడ్ లివర్) అయితే అందులోని విటమిన్ ఏ, డి ఒంట్లో పేరుకుంటాయి. విటమిన్ ఏ ఎక్కువైనా గుడ్లు దెబ్బతింటాయి, విటమిన్ డి ఎక్కువైతే కిడ్నీల్లో సున్నం చేరుతుంది. పైగా గింజలకు పట్టించిన నూనె వేడికి చెడు వాసన వచ్చేస్తుంది. అలా చెడిన నూనె ఉన్న విటమిన్ ఇ ని కూడా తినేస్తుంది, ఇంకేం లాభం? ఇంకో కీడు: పొట్ట ఈకలకు అంటిన నూనె గుడ్డు పెంకు రంధ్రాలను పూడ్చేస్తుంది. లోపలి పిల్లకు గాలి ఆడదు.

రోజూ మల్టీవిటమిన్ నీళ్లు కూడా ఆపండి. ఎండకు కొన్ని గంటల్లోనే బలం పోతుంది, తీపి ఉంటే క్రిములు పెరుగుతాయి. వారానికి ఒక రోజు, డబ్బా మీది మోతాదే, సాయంత్రానికి పారబోసి మంచినీళ్లు.

కుండలోపిట్ట

టార్చితో చూశాను. 3 తేటగా, 2 ఎర్ర ఉంగరం. పుంజు పాడుతోంది. కర్ర ఒకవైపే కట్టి ఉంది, ఊగుతోంది! గుడ్డు తెల్లసొన ఒక్కటే ఇస్తే కొవ్వు తగ్గుతుందా? పాలకూర పెట్టొచ్చా?

గింజలబుట్ట

రెండు పట్టాయంటే పుంజులో లోపం లేదు, కర్ర బిగిస్తే మిగతావీ పట్టే అవకాశం ఉంది. రక్తపు ఉంగరం చాలావరకు గుడ్డు చల్లబడటం వల్ల వస్తుంది. రాత్రి బల్లో, పిల్లో, హఠాత్తుగా లైటు ఆపడమో జరిగితే పెట్ట బెదిరి బయటకు వస్తుంది, చీకట్లో ముంత దారి దొరకదు. జీరో బల్బు వేసి ఉంచండి, రోజూ ముంతలో చేయి పెట్టకండి.

పొట్టుకొర్ర

పచ్చసొన తీయకండి. విటమిన్ ఏ, డి, ఇ అన్నీ అందులోనే ఉన్నాయి, క్యాప్సూల్ కంటే అదే నయం. పాలకూరలోని ఆక్సలేటు సున్నాన్ని పట్టేస్తుంది, బదులు మునగాకు కడిగి, ఆరబెట్టి కట్టండి.

ఇప్పుడు ఈ ఐదు గుడ్లూ తీసేసి, ముంత కూడా తీసేయండి. మూడు విడతలు వరుసగా పెట్టిన పెట్టకు ఒంట్లో సున్నం తగ్గిపోయి ఉంటుంది. 6 వారాలు పొడి గింజ, సముద్రపు నురుగు, మునగాకు, అంతే. తర్వాత 3 వారాలు గుడ్డు మేత, ఆపై ముంత. ఈ లెక్క మార్చిలో ముగిసేలా ఉంటే అక్టోబరు దాకా ఆగండి. బెజవాడ ఎండలో 40 డిగ్రీలు దాటాక పుంజు వీర్యం దెబ్బతింటుంది, ఎంత మంచి మేత పెట్టినా గుడ్లు ఖాళీగా వచ్చే అవకాశం ఎక్కువ.