గేమ్ ఆడుతుంటే పీసీ ఠప్పున ఆరిపోతోంది. నేనే బిగించుకున్నది, ఎక్కడ వెతకాలి?

తెనాలి_టవర్:
నెల కిందట సొంతంగా బిగించుకున్నాను. రైజెన్ 5 5600, సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్, 650 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). వాలొరంట్‌కి ఏ గొడవా లేదు. సైబర్‌పంక్ పెడితే మాత్రం ఒక్కోసారి ఇరవై నిమిషాలకి, ఒక్కోసారి రెండు గంటలకి ఠప్పున ఆరిపోయి దానంతట అదే ఆన్ అవుతోంది. బ్లూ స్క్రీన్ రాదు. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఒక్కటే ఉంటోంది. ఆడేటప్పుడు కార్డు 74 డిగ్రీలు, ప్రాసెసర్ 78. కార్డు అమ్మినాయన ఫోన్ ఎత్తట్లేదు. నా అనుమానమంతా దాని మీదే.

పాతబోర్డు:
విండోస్ ఫార్మాట్ కొట్టు బ్రో. సగం రోగాలు దాంతోనే పోతాయి.

ఓమ్స్‌లా:
ఫార్మాట్ సంగతి తర్వాత. 41 నంబరు చూసి కంగారు పడకండి. "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని తప్ప అది ఇంకేమీ చెప్పదు. కారణం గడి ఖాళీగా వదిలేసిన డెత్ సర్టిఫికెట్ లాంటిది.

ఎలా ఆగింది అన్నదే అసలు క్లూ. స్క్రీన్ నల్లబడి, ఫ్యాన్లు హోరెత్తి, ఆట సౌండ్ మాత్రం వినిపిస్తూ ఉంటే కార్డునో దాని డ్రైవర్‌నో అనుమానించాలి. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్‌కి వచ్చేస్తే ర్యామ్, డ్రైవర్, లేదా గేమ్ ఫైళ్లు. బ్లూ స్క్రీన్ వస్తే కోడ్ రాసుకోవాలి. 41కి పక్కనే వియా లాగర్ 18 (హార్డ్‌వేర్ లోపాల నమోదు) కూడా ఉంటే ప్రాసెసర్ వైపు చూడాలి, ర్యామ్ స్పీడ్ పెంచి ఉంటే అదీ చూడాలి. మీ దాంట్లో ఇవేవీ లేవు, స్విచ్ తీసేసినట్టు పోతోంది. అంటే కరెంటు దారి. కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లు ఉంటే రెండు విడి వైర్లు ఇచ్చారా, ఒకే వైరుకి ఉన్న రెండు తలలు గుచ్చారా?

తెనాలి_టవర్:
ఒకే వైరు, రెండు తలలు. వియా ఏమీ లేదు.

ఓమ్స్‌లా:
విడిగా ఇవ్వండి. 3070కి కాగితం మీద 220 వాట్లే. కానీ సీన్ మారిన క్షణంలో కొన్ని మిల్లీసెకన్లపాటు అంతకి చాలా పైకి ఎగురుతుంది. ఆ దెబ్బకే ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోడానికి ఆఫ్ అయిపోతుంది కొన్నిసార్లు.

కరీంనగర్_కూలర్:
నాకు గిట్లనే అయింది అన్నా, ఒకటి కాదు రెండుసార్లు. మొదటిసారి కూలర్ కింద ప్లాస్టిక్ కవర్ పీకకుండనే బిగించిన, గేమ్ పెట్టంగనే 95 దాటి బంద్ అయ్యేది. నవ్వకుండ్రి. నీది 78 అంటున్నవ్ కాబట్టి అది కాదు. రెండోసారి ర్యామ్. బయోస్‌ల ర్యామ్ స్పీడ్ పెంచే ఎక్స్ఎంపీ ఆన్ చేసి 3200 పెట్టిన. ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్86ల మొదటి పాస్ క్లీన్ వచ్చింది, మూడో పాస్‌ల ఎర్రర్లు. ఒక్క పాస్ చూసి ఊకోకు, రాత్రంతా పెట్టి పండుకో. రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ కాడి నుంచి లెక్కబెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటు.

తెనాలి_టవర్:
వైర్లు విడిగా ఇచ్చాను. మెమ్‌టెస్ట్ నాలుగు పాసులూ క్లీన్. ఎక్స్ఎంపీ తీసేసి 2133లో కూడా ఆడాను. పాత డ్రైవర్‌ని డీడీయూ అనే టూల్‌తో తుడిచి కొత్తది వేశాను. ఆదివారం రాత్రి ఫార్మాట్ కూడా కొట్టాను, సేవ్ ఫైళ్లు కాపీ చేసుకోవడం మర్చిపోయి. నిన్న ఫ్రెండ్ దగ్గర 750 వాట్ల ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చి బిగించాను, అదీ మంచి రకమే. ఏడూ పదికి మళ్లీ పోయింది. ఇక కార్డే కదా?

పాతబోర్డు:
సేవ్ ఫైళ్ల సంగతి నాకు తెలీదు బ్రో, నేను అన్నది విండోస్ గురించి.

సబ్‌స్టేషన్:
బాబూ, కంప్యూటర్ల గురించి నాకు పెద్దగా తెలియదు, ముప్పై ఏళ్లు కరెంటు పని చేశాను. నువ్వు "ఏడూ పదికి" అన్నావు చూడు, అక్కడ ఆగాను. ఆ 41లన్నీ ఏ టైములకి పడ్డాయో రాసి పెట్టు.

తెనాలి_టవర్:
6:55, 7:10, 7:25, 9:40, 7:05, 7:10, 9:50. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు ఏకధాటిగా ఆడినా ఏమీ కాలేదు. ఇది ఇంతవరకూ నాకు తట్టలేదు.

సబ్‌స్టేషన్:
ఏడింటికి మీ ఇంట్లో ఏం వేస్తారు?

తెనాలి_టవర్:
అమ్మ సంపు మోటరు వేస్తుంది, ట్యాంకు నింపడానికి. తొమ్మిదిన్నర దాటాక కింది పోర్షన్ వాళ్లు ఏసీ వేస్తారు. కానీ కరెంటు పోవట్లేదు కదండీ, నా గదిలో ఫ్యాను కూడా ఆగదు.

సబ్‌స్టేషన్:
ఫ్యాను ఎందుకు ఆగుతుంది, అది ఇన్వర్టర్ లైను మీద ఉండి ఉంటుంది. నీ కంప్యూటర్ ప్లగ్గు కూడా దాని మీదే అయ్యుంటుంది. సాయంత్రం వోల్టేజీ ముందే తక్కువ. ఒక హెచ్‌పీ మోటరు లేచే క్షణంలో మామూలుగా తాగేదానికి ఐదారు రెట్లు లాగుతుంది. ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే చాలావాటికి 180 వోల్టుల దగ్గర కటాఫ్. అంతకు తగ్గగానే "టిక్" అని బ్యాటరీకి మారుతుంది, మళ్లీ "టిక్" అని వెనక్కి. ఆ చప్పుడు ఎప్పుడైనా విన్నావా?

తెనాలి_టవర్:
హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటానండీ.

ఓమ్స్‌లా:
అయ్యబాబోయ్, పెద్దాయన పట్టేశారు. వాలొరంట్‌లో ఎందుకు పోదో కూడా తేలిపోయింది. ఇన్వర్టర్ టిక్కుమని మారే ఆ గ్యాప్‌లో కరెంటు తెగితే ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్నదాంతో కాసేపు లాగుతుంది, పూర్తి లోడ్ మీద 16 మిల్లీసెకన్ల చిల్లర. లోడ్ తక్కువైతే ఇంకా ఎక్కువసేపు. తేలిక ఆటలో ఆ గ్యాప్ దాటేస్తోంది, బరువు ఆటలో దాటలేకపోతోంది.

రాత్రిషిఫ్టు:
గ్యాప్ ఒక్కటే కాదేమో. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ (మెయిన్స్‌లా నున్నటి అల కాకుండా మెట్లలా కరెంటు ఇచ్చేది) అయితే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్ఎంపీఎస్‌లు కొన్నిటికి అది పడదు, లోడ్ మీద ఉంటే ఆఫ్ అయిపోతాయి. మా విశాఖ ఇంట్లో ఇదే తంతు. రెండో ఎస్ఎంపీఎస్ మార్చినా మీకు అదే జరిగిందంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

తెనాలి_టవర్:
ఈరోజు సాయంత్రం పరీక్ష పెట్టాను. హెడ్‌ఫోన్స్ తీసేసి, అమ్మని మోటరు స్విచ్ దగ్గర నిలబెట్టి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి "ఇప్పుడు వెయ్" అన్నాను. లైటు ఒక్కసారి కన్నుకొట్టింది. హాల్లోంచి టిక్. స్క్రీన్ నలుపు. ఇన్వర్టర్ మీద అంకె 204 నుంచి 171కి పడటం తమ్ముడు చూశాడు. నాలుగుసార్లు వేస్తే మూడుసార్లు పోయింది. గేమ్ లేకుండా ఉత్త డెస్క్‌టాప్ మీద ఐదుసార్లు వేసినా టిక్ వచ్చింది గానీ పీసీ బతికే ఉంది.

తర్వాత ఇన్వర్టర్‌తో సంబంధం లేని ఏసీ సాకెట్ నుంచి మందం వైరున్న ఎక్స్‌టెన్షన్ లాగి గేమ్ పెట్టాను. పదిసార్లు మోటరు వేయించాను. ఒక్కసారి కూడా పోలేదు. పదోసారికి ట్యాంకు పొంగి అమ్మ ఫోన్ పెట్టేసింది.

కార్డు అమ్మినాయన పొద్దున ఫోన్ చేశాడు, పెళ్లికి ఊరెళ్లాడట. ఏమీ లేదులెండి అన్నాను.

కరీంనగర్_కూలర్:
గా ఎక్స్‌టెన్షన్ మీదనే ఉంచకు. కరెంటు పోతే పీసీ ఉత్తగనే బంద్ అయితది, గేమ్ డౌన్‌లోడ్ నడుమల ఉంటే తిప్పలు.

రాత్రిషిఫ్టు:
డబ్బు కుదిరినప్పుడు ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్స్ లాంటి నున్నటి అల ఇచ్చే) యూపీఎస్ విడిగా తీసుకోండి. వీఏ చూసి మోసపోవద్దు, డబ్బా మీద వాట్లు ఎంతో చూడండి. 1000 వీఏ అని రాసి ఉన్నవి 600 వాట్లే ఇచ్చేవి చాలా ఉన్నాయి. ఐదు నిమిషాలు లాగితే చాలు, సేవ్ చేసుకుని మూసేయొచ్చు.

సబ్‌స్టేషన్:
ఒక్క మోటరుకి 33 వోల్టులు పడిపోవడం ఎక్కువే. మీటరు దగ్గర న్యూట్రల్ వదులైందేమో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బిగింపించు, నువ్వు ముట్టుకోకు. మోటరు కెపాసిటర్ కూడా చూడమను. స్విచ్ వేశాక కాసేపు మూలిగి అప్పుడు తిరుగుతోందంటే అది అయిపోయినట్టే.

తెనాలి_టవర్:
మూలుగుతుందండీ. రెండేళ్ల నుంచీ.