తెప్పలుగ చెరువు నిండితే: సుమతీ పద్యం, రోడ్లు, కార్లు

ప్రశ్న: రోడ్డు వెడల్పు చేసిన కొన్నాళ్లకే అది మళ్లీ బళ్లతో నిండిపోతుంది. దీన్ని ఇండ్యూస్డ్ డిమాండ్ అంటారు. సుమతీ శతకంలోని కప్పల పద్యం దీనికి సరిపోతుందా? అందులో ‘దెప్పలుగ’ అంటే ఏమిటి?

జవాబు: ముందు పద్యం చూద్దాం.

ఎప్పుడు సంపద గలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగఁ జెఱువు నిండినఁ
గప్పలు పదివేలు చేరుఁ గదరా సుమతీ!

అసలు మాట ‘తెప్పలుగ’. ముందున్న ‘అన్నన్’లోని ద్రుతం (చివరి న్) వల్ల త కాస్తా ద అయింది. చెఱువు జెఱువైనట్టే, కప్పలు గప్పలైనట్టే. తెప్పలుగ అంటే నిండుగా, సమృద్ధిగా.

బళ్లో ఈ పద్యాన్ని చుట్టాల స్వార్థం గురించి చెప్పి వదిలేస్తారు. నాకు మాత్రం ‘చేరు’ దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఆ పదివేల కప్పలూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? చాలావరకు పక్క ఊరి నుంచి రాలేదు. ఎండాకాలమంతా బురదలోనే దాక్కుని, నీళ్లు రాగానే పైకి వచ్చాయి. రోడ్డు సంగతీ ఇదే. రద్దీకి భయపడి ప్రయాణం మానుకున్నవాళ్లు, వేళ మార్చుకున్నవాళ్లు, బస్సెక్కుతున్నవాళ్లు అప్పటికే ఊళ్లో ఉన్నారు. దారి ఖాళీ అవగానే కారు తీస్తారు. అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లో సరిగ్గా ఇదే రాశాడు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారిని 2008 నాటికి భారీగా విస్తరించారు. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరసలు (లేన్లు). కొన్నేళ్లకే సాయంత్రం ప్రయాణం మళ్లీ నిదానమైపోయింది. ఆ దారిన ఆఫీసుకు వెళ్లే తెలుగువాళ్లు మన ఈ చర్చా గ్రూపులోనూ ఉండే ఉంటారు.

కాబట్టి పద్యం సరిపోతుంది. ఇండ్యూస్డ్ డిమాండ్‌ను ‘ప్రేరిత గిరాకీ’ అనడం కన్నా ‘అణగిన గిరాకీ’ అంటేనే అర్థం బాగా పడుతుందని నా అభిప్రాయం.

మరో సభ్యురాలు: అయితే బస్సులూ మెట్రోలూ పెంచితే కార్లు తగ్గుతాయి కదండీ?

జవాబు: తగ్గాలనే నాకూ ఉంటుందండీ. కానీ డ్యూరంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో అమెరికా నగరాల లెక్కలు తీసి చూస్తే, రోడ్డు ఎంత పెరిగితే బళ్లు తిరిగే దూరం కూడా దాదాపు అంతే పెరిగింది. బస్సులు, రైళ్లు పెంచినా ఆ దూరం తగ్గిన జాడ కనబడలేదు. కారు వదిలి రైలెక్కినవాడు ఖాళీ చేసిన చోటులోకి ఇంకొకడు వస్తాడన్నమాట.

పాత సిద్ధాంతం పనికొచ్చేది ఇక్కడే. 1920లో పీగూ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త రెండు దారుల లెక్క ఒకటి వేశాడు. ఒకటి మంచిది, ఇరుకు. రెండోది గతుకులది, విశాలం. జనమంతా మంచి దారి మీదే పడి, చివరికి అదీ గతుకుల దారి అంత నిదానమైపోతుంది. తన బండి వెనకవాళ్లకు చేసే ఆలస్యాన్ని ఎవరూ తన ఖర్చులో రాసుకోరు. ఆ ఖర్చును రుసుముగా వసూలు చేస్తే కొందరు రెండో దారి పడతారు, మంచి దారి మంచిగా మిగులుతుంది. 1924లో అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ దీన్ని తప్పుపట్టాడు. ఆ దారికి యజమాని ఉంటే ఆ రుసుము తనే పెట్టేవాడు, ప్రభుత్వం అక్కర్లేదన్నాడు. మన రోడ్లకు అలాంటి యజమాని లేడు గనుక నేను పీగూ వైపే.

సింగపూర్ 1975లో దీన్ని చేసి చూపించింది. పొద్దున్న రద్దీ వేళ నగర కేంద్రంలోకి వచ్చే కారుకు రోజుకు 3 సింగపూర్ డాలర్ల చీటీ కొని అద్దానికి అంటించాల్సి వచ్చేది. బస్సుకు అక్కర్లేకపోయేది. నలుగురు కూర్చున్న కారుకూ అప్పట్లో అక్కర్లేకపోయేది. లండన్ 2003లో, న్యూయార్క్ 2025లో ఇదే బాట పట్టాయి.

ఇంకొక సభ్యుడు: వందేళ్ల నాటి మాట మన ఊళ్లకెందుకండీ? బస్సే సరిగా రాని చోట రుసుమేస్తే పేదవాడికే దెబ్బ.

జవాబు: బస్సు ముందు రావాలన్న మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ పేదవాడు ఇప్పుడు ఏమీ కట్టడం లేదనుకోకండి. సాయంత్రం అమీర్‌పేటలో చూడండి. ఫుట్‌బోర్డు దాకా జనంతో నిండిన సిటీ బస్సు ఒక్కొక్కరే కూర్చున్న కార్ల వెనక కదలకుండా ఉంటుంది. అందులో నిలబడ్డ ఆవిడ ఆ ఆలస్యాన్ని తన కాళ్లతో, తన వేళతో కడుతోంది. రుసుము కారు మీద పడి, ఆ డబ్బు బస్సుకు పోతే లాభం ఆవిడదే.

పైగా బస్సు లెక్క రోడ్డు లెక్కకు తలకిందులు. రోడ్డు మీద కొత్తగా వచ్చిన కారు మిగతావాళ్లకు అడ్డం. బస్సుకు జనం పెరిగి, దానికి తగ్గట్టు బస్సులు పెంచితే అందరికీ ఎదురుచూపు తగ్గుతుంది. 1972లో మోరింగ్ అనే ఆర్థికవేత్త ఈ లెక్క కట్టాడు. బస్సులు పెంచకపోతే మాత్రం మిగిలేది తోపులాటే.

ఇక్కడ పద్యంతో నాకు పేచీ కూడా ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలవగానే బస్సులు కిక్కిరిశాయి. ‘పనీపాటా లేక తిరుగుతున్నారు’ అని చాలామంది ఈసడించారు. అదీ అణగిన గిరాకీయే. వాయిదా వేసిన ఆస్పత్రి, వెళ్లలేని పుట్టిల్లు, ఛార్జీ గిట్టుబాటు కాక వదులుకున్న కూలిపని అందులో ఉన్నాయి. చెరువు నిండితే కప్పలు చేరతాయన్నది బద్దెన సరిగ్గా పట్టుకున్నాడు. చేరినవాళ్లందరినీ ఒకే గాట కట్టే ఆ తిరస్కారాన్ని మాత్రం నేను తీసుకోను.